పడుకున్నా ఆగని ఖర్చు: విశ్రాంత జీవక్రియ, ఆయువు – తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరులో పొద్దున్నే నేను నడకకు వెళ్లే చోట నన్ను నడవనివ్వరు. ముప్పై ఏళ్లు శరీరధర్మశాస్త్రం పాఠం చెప్పి రిటైరైన మాస్టారు దొరికాడు కదా అని జిమ్ చీటీలు, ల్యాబు రిపోర్టులు దారిలోనే చేతిలో పెడతారు. ఏడాదిగా వాటిలో సగానికి ఒకటే సందేహం. మెటబాలిజం, అంటే జీవక్రియ, ఎక్కువుంటే మంచిదని ఒకరు, ఎక్కువున్నవాళ్లు ముందే పోతారని మరొకరు చెప్పారట. చెప్పి చెప్పి గొంతు అరిగాక ఇలా రాసిపెట్టాను. ఎవరికి కావలసిన ప్రశ్న దగ్గరికి వారు నేరుగా వెళ్లవచ్చు. నేను వైద్యుణ్ని కాను, మందులు రాయను.

## మాట అర్థం కావడానికి

ఏ పనీ చేయకుండా పడుకున్నా ఒంట్లో శక్తి ఖర్చవుతుందా మాస్టారూ?

అవుతుంది. అసలు పెద్ద పద్దు అదే. కూర్చుని పనిచేసేవారిలో రోజు మొత్తం ఖర్చులో 60 నుంచి 70 శాతం దీనికే పోతుంది. గుండె కొట్టుకోవాలి, ఊపిరి ఆడాలి, మూత్రపిండాలు వడకట్టాలి, ఒంటి వేడి నిలవాలి, ప్రతి కణమూ తనలోకి చొరబడిన సోడియంను బయటికి తోడుతూనే ఉండాలి. దీన్నే విశ్రాంత జీవక్రియ అంటాం.

ఈ ఖర్చు అన్ని అవయవాలకూ సమానం కాదు. గుండె, మూత్రపిండాలు కిలో బరువుకు రోజుకు సుమారు 440 కేలరీలు వాడుకుంటాయి. మెదడు 240, కాలేయం 200. విశ్రాంతిలో ఉన్న కండరం 13, కొవ్వు నాలుగున్నర మాత్రమే. గుండె, మూత్రపిండాలు, మెదడు, కాలేయం కలిపి తూచినా ఒంటి బరువులో ఆరో వంతు కాదు, ఆరు శాతం. పడుకున్నప్పటి ఖర్చులో సగానికి పైగా మాత్రం వాటిదే.

మెటబాలిజం బాగుంది అంటే అరుగుదల బాగుందనేనా?

కాదు. అరుగుదల పొట్ట, పేగుల పని. జీవక్రియ ప్రతి కణంలోనూ జరిగేది. రాళ్లు తిని అరిగించుకునేవాడి విశ్రాంత ఖర్చు మామూలుగానే ఉండవచ్చు. నాలుగు ముద్దలకే పొట్ట ఉబ్బరించే మనిషికి అది ఎక్కువగా ఉండవచ్చు.

బీఎంఆర్, ఆర్‌ఎంఆర్ అని రెండు రాస్తున్నారు. తేడా ఏమిటి?

నియమాల్లో తేడా. రాత్రి నిద్రపోయి లేచీ లేవగానే, పరగడుపున, కదలకుండా, చలీ వేడీ లేని గదిలో కొలిస్తే బీఎంఆర్ (బేసల్ మెటబాలిక్ రేట్). ఆ పట్టింపులు కొంత సడలిస్తే ఆర్‌ఎంఆర్ (రెస్టింగ్ మెటబాలిక్ రేట్), ఇది కాస్త ఎక్కువ వస్తుంది. మన అవసరానికి రెండూ ఒకటే అనుకున్నా నష్టం లేదు.

ముప్పై దాటగానే మెటబాలిజం పడిపోతుందంటారు. నా పొట్టకు అదేనా కారణం?

ఇది నేనూ చాలాకాలం తరగతిలో చెప్పిన మాటే. తప్పని తేలింది. 2021లో 'సైన్స్' పత్రికలో 29 దేశాలకు చెందిన 6,421 మంది లెక్కలు వచ్చాయి. వారిలో ఎనిమిది రోజుల పసికందు నుంచి 95 ఏళ్ల వృద్ధుల వరకు ఉన్నారు. ఒంటి పరిమాణాన్ని, కొవ్వు మినహా మిగిలిన బరువును లెక్కలోకి తీసుకుంటే 20 నుంచి 60 ఏళ్ల దాకా ఖర్చు దాదాపు స్థిరంగా ఉంది. 60 దాటాకే ఏడాదికి సుమారు 0.7 శాతం చొప్పున తగ్గింది. కాబట్టి నలభైలో వచ్చిన పొట్టకు నేరం కుర్చీది, మలై కాజాది.

## చీటీ చేతికి వచ్చాక

జిమ్‌లో యంత్రం ఎక్కితే బీఎంఆర్ 1,620 అని వచ్చింది. నమ్మవచ్చా?

ఆ యంత్రం మీ జీవక్రియను కొలవలేదు. అరికాళ్ల నుంచి సన్నటి కరెంటు పంపి, ఒంట్లో నీరు ఎంతో, దాన్నిబట్టి కండ ఎంతో అంచనా కట్టింది. ఆ అంచనాను ఒక సూత్రంలో వేసి 1,620 అని అచ్చువేసింది. నీళ్లు తాగి ఎక్కితే ఒక అంకె, చెమటపట్టి ఎక్కితే మరొకటి. నేను ఒకే పొద్దున రెండు చోట్ల ఎక్కి చూశాను, నూట ముప్పై కేలరీల తేడా వచ్చింది.

అసలైన కొలత వేరు. పన్నెండు గంటల ఉపవాసం తర్వాత మనిషిని పడుకోబెట్టి, ముఖం మీద పారదర్శకమైన గోపురం లాంటిది బోర్లించి, అరగంట సేపు పీల్చిన ఆక్సిజన్‌నూ వదిలిన కార్బన్ డయాక్సైడ్‌నూ కొలుస్తారు. ఆయువు గురించి మీరు విన్న పరిశోధనలు చాలావరకు ఇలా ఊపిరిని కొలిచినవే. యంత్రం చీటీలోని అంకె ఎక్కువుందంటే మీకు కండ ఎక్కువుందని మాత్రమే అర్థం. మీ ఒంట్లో థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేస్తున్నా, లోపల ఏదైనా జబ్బు రగులుతున్నా ఆ చీటీకి తెలియదు. దాన్ని పట్టుకుని సంతోషించనూ వద్దు, భయపడనూ వద్దు.

నా వయసు 46. చీటీలో "మెటబాలిక్ ఏజ్ 58" అని ఉంది. ఏం చేయాలి?

చీటీ మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి వెళ్లండి. అది యంత్రం తయారుచేసినవారు పెట్టుకున్న కొలమానం, వైద్యంలో వాడే మాట కాదు. అది చూపించి ఆరు నెలల రుసుము ముందే కట్టించుకుంటే మాత్రం నిజమైన నష్టం అప్పుడు మొదలవుతుంది.

యంత్రం లేకుండా ఇంట్లోనే లెక్క వేసుకోవచ్చా?

వేసుకోవచ్చు. 1990లో వచ్చిన మిఫ్లిన్–సెయింట్ జియార్ సూత్రం సులువు. బరువు కిలోల్లో పదితో, ఎత్తు సెంటీమీటర్లలో 6.25తో గుణించి కలపండి. వయసును ఐదుతో గుణించి అందులోంచి తీసేయండి. మగవారైతే 5 కలపాలి, ఆడవారైతే 161 తీసేయాలి. 60 ఏళ్లు, 70 కిలోలు, 168 సెంటీమీటర్ల పెద్దమనిషికి 1,455 వస్తుంది. 55 ఏళ్లు, 62 కిలోలు, 152 సెంటీమీటర్ల ఇల్లాలికి 1,134.

పాశ్చాత్యుల మీద కట్టిన సూత్రాలు మనవాళ్లకు కాస్త ఎక్కువ చూపిస్తాయి. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985 నాటి సూత్రాలను భారతీయులకు వాడేటప్పుడు మన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సుమారు 5 శాతం తగ్గించి లెక్కకట్టింది. ఎలా వేసినా ఇది సగటు మనిషి అంకె, మీది కాదు.

## ఆయువు సంగతి

విశ్రాంతిలో ఎక్కువ ఖర్చయ్యేవాళ్లు ముందే పోతారన్నది నిజమేనా?

అలాంటి సంబంధం కనిపించిన మాట నిజం. అమెరికాలోని బాల్టిమోర్‌లో 1958 నుంచి ఒక అధ్యయనం నడుస్తోంది, మనుషులు ముసలివాళ్లయ్యే తీరును ఏళ్ల తరబడి వెంటాడి చూడటమే దాని పని. అందులోని 1,227 మందిని దాదాపు నలభై ఏళ్లు గమనించిన లెక్కలు 2008లో వచ్చాయి. ఒంటి ఉపరితలం చదరపు మీటరుకు గంటకు 31.3 నుంచి 33.9 కేలరీలు ఖర్చయ్యేవారితో పోలిస్తే, 33.9 నుంచి 36.4 ఉన్నవారిలో మరణ ప్రమాదం 28 శాతం ఎక్కువ. 36.4 దాటినవారిలో 53 శాతం ఎక్కువ. వయసు, బరువు, పొగతాగడం, మధుమేహం వంటివి లెక్కలోంచి తీసేశాక కూడా తేడా మిగిలింది.

2011లో అమెరికాలోనే అరిజోనా రాష్ట్రంలోని పీమా అనే ఆదివాసీ తెగవారి మీద మరో లెక్క వచ్చింది. విశ్రాంత ఖర్చు రోజుకు 100 కేలరీలు పెరిగిన కొద్దీ సహజ మరణం ప్రమాదం సుమారు 25 శాతం పెరిగింది.

ఇక నా అనుమానాలు. బాల్టిమోర్ వారిలో నాలుగింట మూడు వంతులకు పైగా మగవాళ్లే. పీమా అధ్యయనంలో 652 మంది ఉన్నా సహజ మరణాలు 27 మాత్రమే, అంత చిన్న సంఖ్య మీద పెద్ద మేడ కట్టకూడదు. ఇద్దరూ మన మనుషులు కారు. అయినా దూరదూరంగా ఉన్న రెండు గుంపుల్లో, రెండు పద్ధతుల్లో బాణం ఒకే వైపు చూపిందంటే కొట్టిపారేయలేం.

53 శాతం ఎక్కువ అంటే సగం మంది పోతారనా?

కాదు. మామూలు ఖర్చున్న వందమందిలో ఒక కాలంలో పదిమంది పోతారనుకోండి, ఎక్కువ ఖర్చున్న వందమందిలో అదే కాలంలో పదిహేనుమంది పోతారు. ఇది గుంపు లెక్క. మీ ఇంటి పెద్దాయన ఆ పదిహేనులో ఉంటారా, మిగిలిన ఎనభై ఐదులోనా అన్నది అది చెప్పలేదు.

ఎక్కువ ఖర్చు ఆయువును తింటుందా, లేక జబ్బు వల్ల ఖర్చు పెరుగుతుందా?

ఇన్ని ప్రశ్నల్లో అసలు ప్రశ్న ఇదే. అడిగినవాడు పన్నెండో తరగతి కుర్రవాడు.

రెండు దారులున్నాయి. మొదటిది రొయ్యల చెరువు దారి. ఇందుకూరుపేట, విడవలూరు వైపు రైతును అడగండి. నీళ్లు వేడెక్కితే రొయ్య మేత ఎక్కువ తింటుంది, ఆక్సిజన్ ఎక్కువ లాగుతుంది, చెరువు అడుగున మలినమూ ఎక్కువ చేరుతుంది. రాత్రి ఏరేటర్లు ఆగితే తెల్లారేసరికి సరుకు తేలిపోతుంది. మన కణంలోనూ ఆక్సిజన్ మండినప్పుడు కొంత మసి మిగులుతుంది, అది కణంలోని కొవ్వులనూ ప్రోటీన్లనూ డీఎన్ఏనూ కొరుకుతుంది. ఎంత మంట అంత మసి అన్నది ఈ వాదం.

రెండోది తాళం వేసిన ఇంటి దారి. ఇంటికి తాళం వేసి తిరుపతి వెళ్లి వచ్చేసరికి మీటరు గిర్రున తిరిగి ఉందంటే మీటరును తిట్టం, ఎక్కడో తీగ కారుతోందని వెతుకుతాం. బాల్టిమోర్ వారి తరువాతి లెక్కల్లో ఇదే కనిపించింది. వయసు, కండ ఒకే తీరుగా ఉన్నా దీర్ఘకాలిక జబ్బులు ఎక్కువున్నవారికి విశ్రాంత ఖర్చు ఎక్కువ, పూర్తి ఆరోగ్యంతో ముసలివాళ్లయినవారికి తక్కువ. ఎప్పుడూ రగిలే వాపు, చెడిపోయిన ప్రోటీన్లను విప్పి మళ్లీ కట్టడం, బలహీనమైన గుండె ఎక్కువ కష్టపడటం, వీటన్నిటికీ కేలరీలు కావాలి. ఒళ్లు నిలబడటానికే ఎక్కువ చెల్లిస్తోందన్నమాట.

నా మొగ్గు రెండోదాని వైపు. మొదటిదాన్ని తోసిపుచ్చను. పుట్టుకతోనే ఎక్కువ జీవక్రియకు మొగ్గున్న జన్యువులు గలవారి ఆయువు కొంత తక్కువని చూపిన లెక్కలూ ఉన్నాయి. కానీ వాటిలో వాడింది కరెంటు యంత్రం అంచనానే. పెద్ద ఒళ్లు ఉండటం తప్పో, ఎక్కువ మండటం తప్పో అక్కడ విడదీయడం కష్టం.

ఎలుక రెండేళ్లు, ఏనుగు అరవై ఏళ్లు. మనుషులకూ ఆ సూత్రమే వర్తిస్తుందా?

ఆ సూత్రానికి వందేళ్లు దాటాయి. 1908లో జర్మనీ శాస్త్రవేత్త మాక్స్ రూబ్నర్ మొదలుపెట్టాడు. 1928లో అమెరికాలో రేమండ్ పెర్ల్ దానికి "జీవన వేగం" అని పేరు తగిలించాడు. ప్రాణికి ఇంత ఇంధనమని ముందే రాసిపెట్టి ఉందని, వేగంగా కాలిస్తే త్వరగా అయిపోతుందని దాని సారం. మన వేదాంతానికి దగ్గరగా ఉండటం వల్ల వినగానే నచ్చుతుంది.

పక్షులు దాన్ని పాడుచేశాయి. పులికాట్‌కు వచ్చే రాజహంస మూడు కిలోలుంటుంది, అంతే బరువున్న పిల్లి కంటే వేగంగా మండుతుంది. ఆస్ట్రేలియాలో అడిలైడ్ జంతుప్రదర్శనశాలలో ఒక రాజహంస ఎనభై ఏళ్లు దాటి బతికి 2014లో పోయింది. పిల్లి ఇరవై ఏళ్లు బతికితే గొప్ప.

గిత్తల మాటా చెప్పుకోవాలి. మన ఒంగోలు జాతితో సహా మూపురం ఉన్న పశువులకు విశ్రాంతిలో పుట్టే వేడి ఐరోపా పశువుల కంటే తక్కువ, అవి ఎండను తట్టుకునే కారణాల్లో అదొకటి. బ్రెజిల్ వాళ్లు వాటిని తీసుకెళ్లి, మన నెల్లూరు పేరే పెట్టి, దేశమంతా నింపుకున్నారు. అయితే అది ఎండకు ఓర్పు, ఆయువు కాదు. పశువు నుంచి మనిషికి గీత గీసేటప్పుడు చేయి వణకాలి.

అయితే తక్కువ ఉంటే మంచిదన్నమాట?

ఎందువల్ల తక్కువో చూడాలి. ఆరోగ్యంగా, కండతో, చురుగ్గా ఉంటూ తక్కువ ఖర్చు పెట్టే ఒళ్లు పొదుపరి. తిండి లేక, కండ కరిగి, థైరాయిడ్ మందగించి తక్కువైన ఒళ్లు దివాలా తీసింది. అంకె రెండింటికీ ఒకటే రావచ్చు.

## రోజువారీ సందేహాలు

వ్యాయామం మెటబాలిజం పెంచుతుందంటారు కదా. మరి అది కీడా?

కీడు కాదు. పొద్దున గంట నడిచి ఖర్చుపెట్టిన 200 కేలరీలు వేరు, కుర్చీలో కదలకుండా కూర్చున్న మనిషిలో అదనంగా ఖర్చయ్యే 200 వేరు. మొదటిది మీరు చేసిన ఖర్చు. దానికి బదులుగా నాడి నెమ్మదిస్తుంది, చక్కెర అదుపులో ఉంటుంది. రెండోది మీకు చెప్పకుండా జరిగేది. కదిలేవాళ్లు కదలనివాళ్ల కంటే ఎక్కువకాలం బతుకుతారన్న విషయంలో పరిశోధకుల మధ్య తగాదా లేదు.

కండ పెంచితే పడుకున్నా బోలెడు కేలరీలు కరుగుతాయన్న మాటను మాత్రం తూకం వేసి తీసుకోండి. కిలో కండకు రోజుకు 13 కేలరీలే, సగం ఇడ్లీ కూడా కాదు. కండ కావలసింది అందుకు కాదు. డెబ్భైలో కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడానికి, పడితే ఎముక విరగకుండా ఉండటానికి.

తక్కువ తిని మెటబాలిజం తగ్గించుకుంటే ఎక్కువకాలం బతుకుతామా?

అమెరికాలో లావుగా లేని ఆరోగ్యవంతుల చేత రెండేళ్లు ఆహారం తగ్గింపజేశారు. 25 శాతం తగ్గించాలని పెట్టుకున్నారు, మనుషులు కదా, సగటున 12 శాతం దగ్గర ఆగారు. విశ్రాంత ఖర్చు తగ్గింది, రక్తపోటు, కొలెస్ట్రాల్ మెరుగుపడ్డాయి. ఆయువు పెరిగిందా అని చెప్పడానికి రెండేళ్లు చాలవు.

అతికి పోతే ఏమవుతుందో కూడా తెలుసు. 1944–45లో మిన్నెసోటాలో 36 మంది యువకులను 24 వారాలు అర్ధాకలితో ఉంచారు. జీవక్రియ దాదాపు 40 శాతం పడిపోయింది. వాళ్లకు ఎప్పుడూ చలి, నీరసం, రోజంతా తిండి మీదే ధ్యాస.

నెల్లూరు వాళ్లకు ఈ మాట వస్తే పొట్టి శ్రీరాములు గారు గుర్తుకు రాక మానరు. 1952 అక్టోబరు 19న మొదలుపెట్టిన ఆయన దీక్ష డిసెంబరు 15 రాత్రి దాకా, 58 రోజులు సాగింది. అన్నం లేకుండా ఒళ్లు అన్నాళ్లు నిలవడానికి ఒక కారణం ఈ తగ్గుదలే. ఖర్చు కుదించుకుంటుంది, కొవ్వును కరిగిస్తుంది, మెదడు సైతం చక్కెరకు బదులు కొవ్వు నుంచి పుట్టిన కీటోన్లతో నడుస్తుంది. అయినా కండ కరగడం ఆగదు. చివరికి గుండె కూడా కండే.

మీ ఏకాదశికి నేను అడ్డం రాను. చక్కెర మందులు వాడుతున్నవారు మాత్రం డాక్టరుకు చెప్పకుండా ఉపవాసం ఉండకూడదు.

మెటబాలిజం పెంచే పొడులు, కాఫీ, పచ్చిమిర్చి పనిచేస్తాయా?

కాఫీలోని 100 మిల్లీగ్రాముల కెఫీన్ కాసేపు 3, 4 శాతం పెంచుతుంది. మిర్చి అంతకన్నా తక్కువ. చేపల పులుసు రుచికి తినండి, లెక్కకు కాదు.

పొడుల గురించి ఒక పాత కథ. 1933లో స్టాన్‌ఫర్డ్ వైద్యులు డైనైట్రోఫెనాల్ అనే రసాయనం విశ్రాంత జీవక్రియను గట్టిగా పెంచుతుందని, బరువు తగ్గిస్తుందని రాశారు. అమెరికా ఎగబడింది. అది చేసే పని ఏమిటంటే, కణంలో శక్తిగా మారవలసినదాన్ని ఉత్త వేడిగా వదిలేయడం. మోతాదు కాస్త మించితే జ్వరం ఆగకుండా ఎక్కి మనుషులు లోపల ఉడికిపోయారు, కొందరికి కళ్లలో శుక్లాలు వచ్చాయి. 1938లో దాన్ని మనుషుల వాడకం నుంచి తొలగించారు. ఇప్పటికీ దొంగచాటుగా అమ్ముతున్నారు, ఇప్పటికీ ప్రాణాలు పోతున్నాయి. డబ్బా మీద ఏముందో రాయని పొడి ఎవరిచ్చినా పారబోయండి.

సిగరెట్ మానితే లావవుతామట. పొగ మెటబాలిజం పెంచుతుందా?

పెంచుతుంది. టంగుటూరు, కందుకూరు, కనిగిరి పొగాకు వేలం కేంద్రాల చుట్టూ పెరిగినవాళ్లం, దాచి ప్రయోజనం లేదు. 1986లో ప్రచురించిన ప్రయోగంలో రోజుకు 24 సిగరెట్లతో ఎనిమిది మందికి రోజు ఖర్చు 10 శాతం పెరిగింది. నికోటిన్ ఒంటిని కొరడాతో తోలుతుంది. మానాక రెండు మూడు కిలోలు ఎక్కితే ఎక్కనివ్వండి. పొగ తీసుకుపోయే ఏళ్లతో పోలిస్తే అది చిల్లర.

## డాక్టరు దగ్గరికి వెళ్లేముందు

మా నాన్న తిండి తగ్గలేదు, మనిషి మాత్రం చిక్కిపోతున్నారు. మెటబాలిజం ఎక్కువ అనుకోవచ్చా?

అనుకుని ఊరుకోవద్దు. ప్రయత్నం లేకుండా ఆరు నెలల నుంచి ఏడాదిలోపు ఒంటి బరువులో 5 శాతం తగ్గితే, అంటే 70 కిలోల మనిషి మూడున్నర కిలోలు తగ్గితే, కారణం వెతకవలసిందే. చక్కెర, థైరాయిడ్ మొదట చూస్తారు. క్షయ, క్యాన్సర్, ఊపిరితిత్తుల దీర్ఘకాలిక జబ్బు కూడా ఇలాగే తినేస్తాయి. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో ఏళ్ల తరబడి రాతి దుమ్ము పీల్చినవారు దగ్గు, ఆయాసంతో చిక్కిపోతుంటే చేసిన పని కూడా డాక్టరుకు చెప్పాలి. "ఎంత తిన్నా ఒంటికి పట్టదు, మా వంశమే అంత" అన్న మాట పాతికేళ్లవాడి విషయంలో నిజం కావచ్చు. అరవైలో కొత్తగా మొదలైతే కాదు.

ఖర్చు లేకుండా ఇంట్లో గమనించుకోదగినది ఏదైనా ఉందా?

నాడి. నిద్రలేచాక మంచం దిగకముందే నిమిషం పాటు లెక్కపెట్టండి, నెలకొకసారి రాసిపెట్టండి. ఎన్నో అధ్యయనాలను కలిపి చూస్తే విశ్రాంతి నాడి నిమిషానికి పది పెరిగిన కొద్దీ మరణ ప్రమాదం సుమారు 9 శాతం పెరిగింది. ఎప్పుడూ 68 ఉండేది కొన్ని వారాలుగా 88 ఉంటే, దానికి చేతుల వణుకు, వేడి ఓర్వలేకపోవడం తోడైతే థైరాయిడ్ పరీక్ష ఆలస్యం చేయవద్దు. జ్వరం ఉన్న రోజు లెక్క వద్దు. ఒంటి వేడి ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే జీవక్రియ పది శాతానికి పైగా పెరుగుతుంది.

గోపురం పెట్టి కొలిచే పరీక్ష చేయించుకోమంటారా?

మామూలు మనిషికి అవసరం లేదు. ఐసీయూలో రోగికి ఎంత ఆహారం ఎక్కించాలో తేల్చడానికి అది పనికొస్తుంది.

మా అమ్మమ్మకు 87. టీఎస్‌హెచ్ కొంచెం ఎక్కువుంది, థైరాయిడ్ మందగించిందన్నారు. మందు వేసి మెటబాలిజం పెంచాలా?

టీఎస్‌హెచ్ అంటే థైరాయిడ్ గ్రంథిని పనిచేయించే హార్మోన్, గ్రంథి మందగిస్తే అది పెరుగుతుంది. మందు వేయాలా వద్దా అన్నది ఆమెను చూసే డాక్టరు నిర్ణయం. అడగడానికి మీకు ఆధారాలు ఇస్తాను. నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో 85 ఏళ్లు నిండినవారిని వెంటాడిన అధ్యయనం 2004లో వచ్చింది, టీఎస్‌హెచ్ ఎక్కువున్న ముసలివాళ్లు తక్కువున్నవారి కంటే ఎక్కువకాలం బతికారు. 2017లో 65 దాటిన 737 మందితో చేసిన ప్రయోగంలో, టీఎస్‌హెచ్ కొద్దిగా మాత్రమే పెరిగినవారికి మాత్ర ఇచ్చినా నీరసం వంటి లక్షణాలు తగ్గలేదు. టీఎస్‌హెచ్ పది దాటినా, థైరాయిడ్ హార్మోన్ టీ4 తగ్గినా, అమ్మమ్మ మందకొడిగా, వాపుతో, మలబద్ధకంతో ఉన్నా సంగతి వేరు. ఇప్పటికే మాత్ర వాడుతూ ఉంటే మీ అంతట మీరు ఆపవద్దు, వచ్చేసారి రిపోర్టుతో పాటు ఈ ప్రశ్న కూడా పట్టుకెళ్లండి.